పాత హోమ్ కంప్యూటర్లతో మొదలుపెట్టాలనుంది: స్పెక్ట్రమా, కమోడోరా, బిబిసి మైక్రోనా?

కొత్తోడు_రాజమండ్రి
మా అక్కావాళ్లు ఇంగ్లండ్‌లో ఉంటారు, సంక్రాంతికి ఇంటికి వస్తున్నారు. 1980ల నాటి హోమ్ కంప్యూటర్ ఒకటి కొని తెచ్చిపెట్టమంటే సరేనంది. "ఏది కావాలో తేల్చుకుని లింక్ పంపు, నాకివన్నీ తెలీవు" అంది. తేల్చుకోవడం దగ్గరే ఆగిపోయాను. నెట్‌లో ఒకరు జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అంటారు, ఒకరు కమోడోర్ 64 తప్ప మిగతావి దండగంటారు, ఇంకొకరు బిబిసి మైక్రో అంటారు.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. రోజంతా ముందు పెట్టుకు కూర్చునే సిస్టమ్ లోపల ఏం జరుగుతుందో నాకు పదో వంతు కూడా తెలీదు. మొత్తం మెషీన్ ఒక మనిషి బుర్రలో పట్టేంత కంప్యూటర్ కావాలి. బేసిక్‌తో మొదలుపెట్టి అసెంబ్లీ దాకా వెళ్లాలని ఉంది. గేమ్స్ ఉంటే సంతోషం, లేకపోయినా పర్లేదు. సోల్డరింగ్ కొంచెం వచ్చు, మల్టీమీటర్ ఉంది. బడ్జెట్ పాతిక వేలు. మన కరెంటుకి, మన టీవీకి పని చేస్తుందా అన్నదే అసలు టెన్షన్.

సోల్డర్_సుబ్బు
కరెంటు గురించి బెంగ వద్దు. అక్కడా ఇక్కడా 230 వోల్టులు, 50 హెర్ట్జే. టీవీ బొమ్మ సిస్టమ్ కూడా రెండు చోట్లా పాల్ (PAL) పద్ధతే. మనకి బ్రిటన్ మెషీనే సుఖం. అదే అమెరికాలో ఉన్న బావగారి చేత తెప్పించుకుంటే 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, ఎన్‌టీఎస్‌సీ వీడియో, ఆ గోలంతా పడాలి.

కాకినాడ_కమోడోర్
కమోడోర్ 64 తీసుకో, ఇంకేం ఆలోచించకు. 1982లో వచ్చింది, కోటికి పైగా అమ్ముడుపోయింది. ఎనిమిది స్ప్రైట్లు (తెర మీద కదిలే గేమ్ బొమ్మలు) హార్డ్‌వేర్‌లోనే ఉన్నాయి. ఇక సిడ్ చిప్ సౌండ్ ఒక్కసారి మంచి స్పీకర్‌లో విను, మిగతా వాటి వంక చూడవు. ఇప్పటికీ దానికి కొత్త గేమ్స్ రాస్తున్నారు.

జెడ్80_మాస్టారు
కమోడోర్ మంచి మెషీనే, కాదనను. కానీ అబ్బాయి అడిగింది గేమ్స్ గురించి కాదు కదా. కమోడోర్ 64 బేసిక్‌లో గీత గీయడానికి కమాండ్ లేదు, సౌండ్‌కి కమాండ్ లేదు. ప్రతిదానికీ పోక్ కొట్టాలి, అంటే మెమరీలో ఫలానా చోట ఫలానా నంబర్ మనమే వేయాలి. స్పెక్ట్రమ్‌లో ప్లాట్, డ్రా, సర్కిల్, బీప్ అన్నీ బేసిక్‌లోనే ఉన్నాయి. కూర్చున్న పది నిమిషాల్లో తెర మీద బొమ్మ వస్తుంది. కొత్తవాళ్లకి ఆ ఉత్సాహం చాలా ముఖ్యం.

ఇంకో సంగతి. తమ్ముడూ, నువ్వు ఇంజనీరింగ్ ఈసీఈనా? అయితే స్పెక్ట్రమ్‌కి సగం దారి నువ్వు ఇప్పటికే నడిచావు.

కొత్తోడు_రాజమండ్రి
ఈసీఈనే మాస్టారూ. ల్యాబ్‌లో 8085 కిట్ మీద రెండు నంబర్లు కూడటం, పెద్ద నంబర్ కనుక్కోవడం చేశాం. రికార్డు మాత్రం సీనియర్ది చూసి రాసుకున్నాం :)

జెడ్80_మాస్టారు
రాష్ట్రంలో రికార్డులన్నీ అలాగే తయారయ్యాయి, ఫర్లేదు.

ఆ కిట్‌లో హెక్స్ కీప్యాడ్ మీద 3ఈ కొట్టి, పక్కన ఒక నంబర్ ఇస్తే అక్యుమ్యులేటర్‌లోకి వెళ్లేది గుర్తుందా? జంప్‌కి సీ3, ఆపడానికి 76. ఆ మూడు కోడ్‌లూ స్పెక్ట్రమ్‌లో ఉండే జెడ్80 ప్రాసెసర్‌లో యథాతథంగా పనిచేస్తాయి. జెడ్80ని తయారుచేసిందే ఇంటెల్ 8080 (మీ 8085కి అన్న) కోసం రాసిన ప్రోగ్రాములు నడవాలని. రాసే పేర్లు మారతాయి, లోపలి బైట్లు మాత్రం అవే. తేడా వచ్చేది ఒకచోట. 8085లో రిమ్, సిమ్ అని రెండు ఇన్‌స్ట్రక్షన్లు ఉండేవి, కోడ్‌లు 20, 30. ఆ నంబర్లకే జెడ్80లో కండిషన్ చూసి దూకే రిలేటివ్ జంప్‌లు ఉన్నాయి. ఇది గుర్తుంచుకుంటే మీ పాత ల్యాబ్ ప్రోగ్రామ్ స్పెక్ట్రమ్ మీద నడుస్తుంది. సెవెన్ సెగ్మెంట్ డిస్‌ప్లే బదులు టీవీ ఉంటుంది, అంతే.

క్యాసెట్_రాణి
బిబిసి మైక్రో గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటి? మన దేశంతో అసలు సంబంధం ఉన్న మెషీన్ అదే. 1984-85లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ ప్రాజెక్టు పెట్టి స్కూళ్లకి ఇచ్చింది బిబిసి మైక్రోలే. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్‌లో వాటినే ఎస్‌సీఎల్ యూనికార్న్ పేరుతో బిగించారు. మా స్కూల్లో ఉండేవి. చెప్పులు బయట విడిచి, ఏసీ గదిలోకి వరసగా వెళ్లేవాళ్లం. ఆన్ చేయగానే ముందు ఒక బరువైన మోత, వెంటనే సన్నగా బీప్. ఆ రెండు చప్పుళ్లు వింటే ఈ రోజుకీ ఎక్కడున్నా నా తల అటు తిరుగుతుంది.

చదువుకోవడానికి దాన్ని మించింది లేదు. బేసిక్ ప్రోగ్రామ్ మధ్యలోనే అసెంబ్లీ రాసేయొచ్చు, అసెంబ్లర్ లోపలే ఉంది. ఆ బేసిక్ రాసిన సోఫీ విల్సనే తర్వాత ఆర్మ్ ప్రాసెసర్ ఇన్‌స్ట్రక్షన్ సెట్ రూపొందించింది. మన అందరి చేతుల్లోని ఫోన్ల మూలం బిబిసి మైక్రో తయారుచేసిన ఏకార్న్ కంపెనీలోనే ఉంది.

కాకినాడ_కమోడోర్
@క్యాసెట్_రాణి మేడమ్, అంతా నిజమే కానీ ఆ బరువు ఎవరు మోస్తారు? వాళ్ల అక్కయ్య సూట్‌కేస్‌లో అది పెడితే పిల్లల బట్టలు అక్కడే వదిలేసి రావాలి.

రెడింగ్_పద్మ
నేను ఇక్కడే ఇంగ్లండ్‌లో ఉంటాను కాబట్టి చెప్తున్నాను. 48కె (48 కిలోబైట్ల మెమరీ ఉన్న) స్పెక్ట్రమ్ మామూలు పుస్తకమంతే, హ్యాండ్‌బ్యాగ్‌లో పట్టేస్తుంది. బిబిసి అయితే టేబుల్ సగం ఆక్రమిస్తుంది, బరువూ అలాగే ఉంటుంది. పంపేవాళ్ల వైపు నుంచి ఆలోచిస్తే తేడా చాలా ఉంది. ఇంకో మాట, బిబిసి పవర్ సప్లైలో మెయిన్స్ మీద ఉండే పాత పేపర్ కెపాసిటర్లు పగుళ్లు వచ్చి ఉంటాయి. చాలా ఏళ్ల తర్వాత ఆన్ చేస్తే పది నిమిషాలు బాగానే ఉండి ఒక్కసారిగా పొగ, భరించలేని కంపు. అవి మార్చారా లేదా అని అమ్మేవాళ్లని అడగాలి.

కొత్తోడు అక్క పిల్లలతో ఉంటే ఒకసారి బ్లెచ్‌లీ పార్క్‌లోని కంప్యూటింగ్ మ్యూజియంకి గానీ, కేంబ్రిడ్జ్‌లోని కంప్యూటింగ్ హిస్టరీ సెంటర్‌కి గానీ వెళ్లమనండి. అక్కడ ఈ మెషీన్లు అద్దాల వెనక ఉండవు, కూర్చుని టైప్ చేయొచ్చు. తమ్ముడు ఎందుకు అడుగుతున్నాడో అక్కకి అక్కడ అర్థమవుతుంది.

ఎఫ్‌పీజీఏ_చిన్నోడు
ఇంత కష్టం ఎందుకు అనేది నా ప్రశ్న. ఎమ్యులేటర్లు, అంటే మన ల్యాప్‌టాప్‌నే ఆ పాత మెషీన్‌లా నడిపే ప్రోగ్రాములు, ఉచితం. స్పెక్ట్రమ్‌కి ఫ్యూజ్, కమోడోర్‌కి వైస్, బిబిసికి బీబ్‌ఎమ్. ఈ రాత్రే మొదలుపెట్టొచ్చు. ఇంకా అసలు దానిలా ఉండాలంటే మిస్టర్ ఎఫ్‌పీజీఏ బోర్డు (పాత మెషీన్ సర్క్యూట్‌ని ఒక చిప్‌లోనే మళ్లీ కట్టేది) ఒక్కటి కొంటే మూడు మెషీన్లూ అందులోనే, హెచ్‌డీఎంఐలో. నలభై ఏళ్ల కిందటి ప్లాస్టిక్ కోసం డబ్బు పోయడం నాకు అర్థం కాదు.

సోల్డర్_సుబ్బు
@ఎఫ్‌పీజీఏ_చిన్నోడు మొదటి సగానికి నా ఓటు కూడా. కొనే ముందు ఎమ్యులేటర్‌లో కొన్నాళ్లు గడపాల్సిందే. బేసిక్ అంటే విసుగొస్తే డబ్బు మిగిలినట్టే కదా. రెండో సగం ఒప్పుకోను. అతను "లోపల ఏం జరుగుతుందో తెలియాలి" అన్నాడు. ఆసిలోస్కోప్ ప్రోబ్ పెట్టి అడ్రస్ లైన్ ఎలా ఆడుతుందో చూడాలంటే చిప్ కాళ్లు బయటికి కనపడే బోర్డు ఉండాలి. స్పెక్ట్రమ్ మూత తీస్తే జెడ్80, దాని పక్కన యూఎల్ఏ (బొమ్మ, కీబోర్డ్ చూసుకునే చిప్), రామ్ చిప్‌లు, రోమ్. అన్నీ వేలు పెట్టి చూపించొచ్చు.

ఎఫ్‌పీజీఏ_చిన్నోడు
స్కోప్ వాదన ఒప్పుకున్నా. కానీ చూపించాలంటే కొత్తగా కిట్ కట్టుకోవచ్చుగా? ఆర్‌సీ2014 అని జెడ్80 కిట్ ఉంది. మనమే సోల్డర్ చేస్తాం కాబట్టి ఏ తీగ ఎటు పోతుందో మనకే తెలుస్తుంది.

జెడ్80_మాస్టారు
అది నిజంగా మంచి దారి. అయితే ఒక కబురు: జైలాగ్ కంపెనీ 40 కాళ్ల జెడ్80 చిప్‌కి చివరి ఆర్డర్లు 2024 జూన్‌లో తీసుకుని ఆపేసింది. 1976 నుంచి తయారైన చిప్ అది. మార్కెట్లో ఇంకా దొరుకుతాయి, కానీ కిట్ కట్టాలనుకునేవాళ్లు ఒకటి రెండు కొని పక్కన పెట్టుకోవడం మంచిది. బిబిసి మైక్రోలో ఉండే 6502 ప్రాసెసర్ కావాలంటే దాని కొత్త రూపం 65సీ02 ఇంకా తయారవుతోంది.

కొత్తోడు_రాజమండ్రి
నిన్న రాత్రి ఫ్యూజ్ వేసుకుని కూర్చున్నా. జె నొక్కితే లోడ్ అనే మాట మొత్తం పడుతుంది, పి నొక్కితే ప్రింట్! మొదట చిరాకేసింది, గంటలో అలవాటైపోయింది. సర్కిల్ కమాండ్‌తో రింగులు గీస్తూ రెండున్నర దాకా మెలకువగా ఉన్నా. స్పెక్ట్రమ్ వైపే మొగ్గుతున్నా. టీవీ సంగతి ఎవరైనా వివరంగా చెప్పండి. మా ఇంట్లో ఉన్నది ఎల్ఈడీ టీవీ.

సోల్డర్_సుబ్బు
స్పెక్ట్రమ్ వెనక ఉండేది యాంటెనా వైర్ సాకెట్. యూహెచ్‌ఎఫ్ 36వ ఛానల్‌లో బొమ్మ వస్తుంది. మీ టీవీలో అనలాగ్ ట్యూనర్ ఉంటే సెర్చ్ కొడితే పట్టుకుంటుంది, కానీ మసకగా, గీతలతో. 48కె మోడల్‌కి సౌండ్ టీవీలోకి రాదు, లోపలి చిన్న స్పీకర్ నుంచే వస్తుంది. టీవీ మూగగా ఉందని కంగారు పడొద్దు.

సరైన పద్ధతి కాంపోజిట్ మాడ్. బొమ్మని టీవీ ఛానల్‌గా మార్చే మాడ్యులేటర్ డబ్బాలోకి వెళ్లే వీడియో తీగని ఊడదీసి, నేరుగా అదే సాకెట్‌కి కలిపేస్తారు. అప్పుడు టీవీలోని పసుపు ఏవీ సాకెట్‌లోకి వెళ్తుంది. ఇంగ్లండ్‌లో అమ్మేవాటిలో చాలా వాటికి ఇది ముందే చేసి ఉంటుంది, అలాంటిదే చూడండి. అక్కడివాళ్లు స్కార్ట్ కేబుల్ గురించి మాట్లాడతారు. మన టీవీలకి ఆ సాకెట్ ఉండదు, దాని జోలికి పోవద్దు.

బీచ్‌రోడ్_కిరణ్
పాత సీఆర్‌టీ టీవీ దొరికితే వదలకండి. ఈ మెషీన్ల బొమ్మ దాని మీదే అందం. మా వీధిలో స్క్రాప్ బండి అతనికి చెప్పి ఉంచాను, 14 అంగుళాల పోర్టబుల్ తెచ్చిచ్చాడు.

సోల్డర్_సుబ్బు
తెచ్చుకోండి, కానీ వెనక మూత మాత్రం విప్పొద్దు. పిక్చర్ ట్యూబ్ యానోడ్ దగ్గర ఇరవై వేల వోల్టుల పైమాటే. ప్లగ్ పీకేసినా చార్జ్ నిలిచి ఉంటుంది. తెలిసిన మెకానిక్ ఉంటే అతని చేత చేయించుకోవాలి. కొత్తవాళ్లకి ఇది అభిరుచిలో భాగం కాదు.

కాకినాడ_కమోడోర్
సరే, స్పెక్ట్రమ్ గెలిచింది, ఒప్పుకుంటాను. కానీ తర్వాతైనా కమోడోర్ కొనేవాళ్లు ఇది చదవండి: ఒరిజినల్ పవర్ సప్లై వాడకండి. నల్లటి ఇటుకలా, లోపలంతా ఎపాక్సీ పోసి సీల్ చేసి ఉంటుంది. అందులోని 5 వోల్టుల రెగ్యులేటర్ పోయేటప్పుడు వోల్టేజ్ తగ్గదు, పెరుగుతుంది. దాంతో రామ్ చిప్‌లు మాడిపోతాయి. వేడెక్కాక పోతుంది కాబట్టి, ముందు మీటర్ పెట్టి చూస్తే బాగానే కనిపిస్తుంది. కొత్త సప్లై కొనడమే ఖర్చు తక్కువ. సిడ్ చిప్ విడిగా కొనేవాళ్లూ జాగ్రత్త, పై అక్షరాలు చెరిపి కొత్తగా ముద్రించిన నకిలీలు చాలా తిరుగుతున్నాయి.

కొత్తోడు_రాజమండ్రి
మరి స్పెక్ట్రమ్ అడాప్టర్? నా దగ్గర రౌటర్ది 9 వోల్టుల అడాప్టర్ ఖాళీగా ఉంది.

సోల్డర్_సుబ్బు
ఆగు ఆగు! అది పెట్టకు. స్పెక్ట్రమ్ ప్లగ్‌కి మధ్యలో నెగటివ్, బయట పాజిటివ్. మన దగ్గర దొరికే అడాప్టర్లు దాదాపు అన్నీ మధ్యలో పాజిటివ్. ప్లగ్ సరిగ్గా పట్టేస్తుంది కూడా, అదే ప్రమాదం. అడాప్టర్ మీద చిన్న బొమ్మ ఉంటుంది, మధ్య చుక్క నుంచి వచ్చే గీత ఏ గుర్తుకి వెళ్తుందో చూడు. ఆ తర్వాత మీటర్‌తో కొలువు. అప్పుడే మెషీన్‌కి తగిలించు.

జెడ్80_మాస్టారు
దీనికి కారణం కూడా తెలుసుకుంటే మంచిది. స్పెక్ట్రమ్‌లో కింది 16కె రామ్ 4116 చిప్‌లు, ఎనిమిది. వాటికి మూడు రకాల వోల్టేజ్ కావాలి: ప్లస్ 5, ప్లస్ 12, మైనస్ 5. బయటి నుంచి వచ్చేది 9 వోల్టులే కాబట్టి మిగతావి బోర్డు మీద చిన్న కన్వర్టర్ సర్క్యూట్ పుట్టిస్తుంది. అందులో ట్రాన్సిస్టర్ పోయి మైనస్ 5 ఆగిపోతే, మిగతా రెండూ వస్తూనే ఉంటాయి కాబట్టి 4116లు దెబ్బతింటాయి. చచ్చిన స్పెక్ట్రమ్ చేతికొస్తే అందరూ మొదట చూసేది ఆ మూడు వోల్టేజ్‌లే.

గుజరాతీగల్లీ_రాజు
కోఠి గుజరాతీ గల్లీలో 7805 రెగ్యులేటర్లు, కెపాసిటర్లు, ఐసీ సాకెట్లు, 74 సిరీస్ చిప్‌లు దొరుకుతాయి. 4116 కష్టం. దాని బదులు 4164 వేయొచ్చు, దానికి 5 వోల్టులు చాలు. కానీ ఊరికే గుచ్చేయకూడదు. 4116లో 8వ కాలికి ప్లస్ 12 వస్తుంది, 4164లో అదే కాలికి ప్లస్ 5 కావాలి. తీగలు మార్చకుండా పెడితే ఆన్ చేసిన క్షణంలో అయిపోతుంది.

బీచ్‌రోడ్_కిరణ్
కెపాసిటర్లన్నీ ముందే మార్చేయాలా? విదేశీ వీడియోల్లో మెషీన్ రాగానే అన్నీ పీకేస్తున్నారు.

గుజరాతీగల్లీ_రాజు
నేనైతే మార్చేస్తా. మన ఎండలకి అవి ఎండిపోతాయి.

సోల్డర్_సుబ్బు
@గుజరాతీగల్లీ_రాజు అన్నా, ఇక్కడ నీతో కలవను. అమీగా 600, 1200లలో సర్ఫేస్ మౌంట్ కెపాసిటర్లు లీకై బోర్డునే తినేస్తాయి, అక్కడ మార్చి తీరాలి. స్పెక్ట్రమ్‌లో ఎలక్ట్రోలిటిక్‌లు మార్చడం మంచిదే, కానీ బాగా నడుస్తున్న మెషీన్‌ని సోల్డరింగ్ కొంచెమే వచ్చినవాళ్లు మొదటి రోజే విప్పడం ఎందుకు? పాత బోర్డుల రాగి ట్రాకులు వేడికి లేచిపోతాయి. ముందు పాడైపోయిన రేడియో బోర్డు మీద చేయి తిప్పుకోవాలి.

గుజరాతీగల్లీ_రాజు
చేయి తిప్పుకోవడం గురించి నిజమే. మిగతాది నా మాట మీదే ఉంటా.

క్యాసెట్_రాణి
గేమ్స్, ప్రోగ్రాములు ఎక్కించడం ఎవరూ చెప్పలేదు. ప్రోగ్రాములు శబ్దంగా రికార్డయి ఉండే పాత క్యాసెట్లు కొనకండి, మన తేమకి బూజు పట్టేస్తాయి. విశాఖ వాళ్లకి ఇంకా చెప్పక్కర్లేదు. ఫోన్ చాలు. టేప్ ఫైల్‌ని వేవ్ ఫైల్‌గా మార్చి, 3.5 ఎంఎం కేబుల్‌తో ఇయర్ సాకెట్‌కి కలపండి. వాల్యూమ్ నిండా పెట్టి, ఈక్వలైజర్, డాల్బీ లాంటివన్నీ ఆపేయండి. జె నొక్కి, సింబల్ షిఫ్ట్ పట్టుకుని పి రెండుసార్లు, ఎంటర్. అంచు మీద ఎరుపు, లేత నీలం చారలు నిలకడగా కదులుతుంటే శబ్దం అందుతున్నట్టు. తర్వాత నీలం, పసుపు సన్న చారలు వస్తే డేటా ఎక్కుతున్నట్టు. నిండు 48కె గేమ్‌కి ఐదు నిమిషాల దాకా పడుతుంది. ఆ చారలు చూస్తూ కూర్చోవడం నాకు చాలా ఇష్టం.

ఎఫ్‌పీజీఏ_చిన్నోడు
లేదా డివ్‌ఎంఎంసీ ఇంటర్‌ఫేస్ వెనక తగిలించి ఎస్‌డీ కార్డు నుంచి క్షణంలో ఎక్కించుకోవచ్చు. చారలు చూసే ఓపిక లేని మాలాంటి వాళ్ల కోసం.

కొత్తోడు_రాజమండ్రి
అక్క రెండు లింకులు పంపింది. ఒకటి చవక, "అన్‌టెస్టెడ్" అని ఉంది, కేసు మెరిసిపోతోంది. రెండోది దాదాపు దానికి రెట్టింపు. కేసు మీద గీతలున్నాయి. టీవీ మీద, ఆన్ అవగానే వచ్చే 1982 సింక్లెయిర్ రీసెర్చ్ (తయారీ కంపెనీ) అన్న లైన్ కనపడుతున్న ఫొటో, కాంపోజిట్ మాడ్, కొత్త కీబోర్డ్ మెంబ్రేన్ (కీల కింద ఉండే పల్చటి పొర) అని రాశారు. రెండూ బడ్జెట్‌లోనే ఉన్నాయి.

రెడింగ్_పద్మ
రెండోదే, సందేహం లేదు. పవర్ సప్లై ఉన్నవాళ్లు ఆన్ చేసి చూడకుండా ఎందుకు అమ్ముతారు? ఇక్కడ "అన్‌టెస్టెడ్" అని పెట్టినవాటిలో చాలా వాటిని నేను పనిచేయనివిగానే లెక్కేసుకుంటాను. మెంబ్రేన్ కొత్తది వేశారంటే తెలిసిన మనిషే. పాతది పెళుసెక్కి మూత తీసినప్పుడే విరుగుతుంది.

జెడ్80_మాస్టారు
రెండోదే. అమ్మేవాళ్లని ఇంకో ఫొటో అడగమను: ప్రింట్ పీక్ 23732 ప్లస్ 256 ఇంటూ పీక్ 23733. 65535 వస్తే 48కె మొత్తం పలుకుతోంది. 32767 వస్తే పై 32కె లేనట్టో, పోయినట్టో.

కొత్తోడు_రాజమండ్రి
ఫొటో వచ్చింది. 65535! అక్క కొనేసింది. చెకిన్ లగేజీలో పెట్టమనాలా, హ్యాండ్‌బ్యాగ్‌లోనా?

రెడింగ్_పద్మ
హ్యాండ్‌బ్యాగ్‌లోనే. కీల మీద బరువు పడకుండా గట్టి అట్టపెట్టెలో పెట్టి, బబుల్ చుట్టి. కొన్న బిల్లు ప్రింట్ తీసి పక్కనే ఉంచుకోమనండి. సెక్యూరిటీలో ఇదేంటని అడుగుతారు. నన్ను అడిగినప్పుడు ఆ ఆఫీసర్ చిన్నప్పుడు వాళ్లింట్లో ఉండేదట, వెనక లైన్ ఆగిపోయేంత సేపు మాట్లాడాడు.

జెడ్80_మాస్టారు
మెషీన్ వచ్చేలోపు ఎమ్యులేటర్‌లో ఇది చెయ్యి. 48కె మెషీన్‌లో మనకి నచ్చిన అక్షరాలు తయారు చేసుకోవడానికి 21 గడులుంటాయి, 65368 నుంచి. ఒక్కో గడికి ఎనిమిది బైట్లు. వరసగా ఇవి పోక్ చెయ్యి: 3, 70, 44, 24, 36, 66, 66, 60. తర్వాత ప్రింట్ కొట్టి, కోట్స్ తెరిచి, క్యాప్స్ షిఫ్ట్‌తో 9 నొక్కి ఏ కొట్టు. మళ్లీ క్యాప్స్ షిఫ్ట్‌తో 9 నొక్కి కోట్స్ మూసెయ్యి.

కొత్తోడు_రాజమండ్రి
మాస్టారూ!! "ర" వచ్చింది! తలకట్టుతో సహా!

క్యాసెట్_రాణి
ఇప్పుడే నేనూ కొట్టి చూశా. చాలా బాగుంది. ఎనిమిది చుక్కల్లో "ర" పట్టింది సరే, "ఝ" పడుతుందా?

జెడ్80_మాస్టారు
పట్టదు. దానికి నాలుగు గడులు కలిపి పదహారు బై పదహారు చెయ్యాలి. అప్పుడు 21 గడుల్లో ఐదు అక్షరాలే వస్తాయి. కానీ 23606, 23607లో ఉన్న అడ్రస్ మారిస్తే మొత్తం 96 అక్షరాల ఫాంటే మనది పెట్టుకోవచ్చు, అంటే పెద్ద అక్షరాలు 24. ఒత్తులకి కింద ఇంకో వరస గడులు వదలాలి. అది అసెంబ్లీలో రాయాల్సిన పని.

కొత్తోడు_రాజమండ్రి
అదే రాస్తా. గ్రాఫ్ కాగితం కొనుక్కొచ్చా, అచ్చుల నుంచి మొదలుపెట్టా. "అ" పదహారు బై పదహారులో బాగానే కుదిరింది, "ఈ" దగ్గర ఇరుక్కున్నా. ఎవరైనా ఓ చెయ్యి వేస్తారా?

బీచ్‌రోడ్_కిరణ్
హల్లులు నాకు వదిలెయ్. క నుంచి ఙ దాకా ఆదివారానికి ఇస్తా.